రెండో వత్తి

వాటిల్ వీధిలో ఇల్లు కాలడం రెండేళ్ళలో ఇది నాలుగోసారి. అందుకని సోమవారం పొద్దున గ్లెనిస్ ఇంటికప్పు తగలబడితే కారింగల్ ఊళ్ళో ఎవరూ అయ్యో పాపం అనలేదు. "ఓహో, ఈవిడ వంతు వచ్చిందన్నమాట" అన్నారు.

అలా అనడానికి కారణం లేకపోలేదు. బొగ్గు కరెంటు ప్లాంటు మూతపడ్డాక చేతనైనవాళ్ళు ఊరు వదిలిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది గవర్నమెంటు అద్దె ఇళ్ళలో ఉన్నారు. మెల్‌బోర్న్ వైపు ఇల్లు కావాలని అర్జీ పెట్టుకుంటే లిస్టులో ఆరేళ్ళు, ఏడేళ్ళు కూర్చోవాల్సిందే. ఇల్లు కాలినవాళ్ళని మాత్రం ముందు వరసలోకి తెచ్చి, వారాల్లో ఇంకోచోట ఇల్లు చూపించేవారు. మొదట కాలిన రెండు ఇళ్ళవాళ్ళూ అట్లాగే వెళ్ళిపోయారు. ఆరేళ్ళ క్యూని అరగంట మంట దాటించేస్తుందంటే జనం బుద్ధి ఎటు పోతుందో ఆ రూలు రాసిన పెద్దలకి తట్టలేదు. తట్టాక ఇంకో రూలు రాశారు. మంట ఎలా పుట్టిందో తేలకపోతే అనుమానం అద్దెకున్నవాళ్ళ మీదే. ఆ ఒక్క ముక్క ఫైల్లో పడిందా, లిస్టులోంచి పేరు తీసేస్తారు. నిజంగా అంటించుకున్నవాళ్ళు మొదటి రూలుతో బాగుపడి పోయారు. రెండో రూలు గ్లెనిస్ కోసం కాచుకుని కూర్చుంది.

అసలు తంటా ఏమిటంటే, ఆవిడ నోరు మంచిది కాదు. "ఈ కొంప తగలబెడితేగానీ నన్ను బయటికి పంపరు" అని పోస్టాఫీసులో, సూపర్ మార్కెట్లో, ఆఖరికి హౌసింగ్ ఆఫీసులో కూడా పదిమంది వినేలా అంది.

ఆ కప్పు కిందే రెండో సగంలో నీరజ వాళ్ళు ఉంటున్నారు. ఒకటే పొడుగాటి ఇల్లు, మధ్యలో సీలింగ్ దాకా ఒక గోడ. గ్లెనిస్ సగం గవర్నమెంటుది. ఇటు సగాన్ని ఎప్పుడో అమ్మేస్తే ఎవరో కొనుక్కుని అద్దెకిచ్చారు. నీరజ, మొగుడు శేషగిరి, పన్నెండేళ్ళ కూతురు లిఖిత రీజనల్ వీసా మీద ఇక్కడికి వచ్చారు. మూడేళ్ళు ఇలాంటి ఊళ్ళో ఉంటేనే పీఆర్‌కి, అంటే దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి, దారి. ఇంకా ఎనిమిది నెలలుంది. ఊరు ఖాళీ అవుతోందని బయటినుంచి మనుషుల్ని తెచ్చి పోస్తుంటే, ఉన్నవాళ్ళు పోవడానికి క్యూ కట్టారు. ఒకే కప్పు కింద ఒకావిడ ఎప్పుడు పంపుతారా అని, ఒకావిడ ఎప్పుడు గడువు తీరుతుందా అని రోజులు గడుపుతున్నారు.

నీరజ పని వృద్ధుల కేర్ హోమ్‌లో. బుధవారం పది గంటల టీకి కూర్చునేసరికి ఆమె అప్పటికే తొమ్మిది మందికి స్నానాలు చేయించి, ఆరు పక్కలు మార్చి ఉంది. నడుం వంచి కుర్చీలో కూలబడి బిస్కెట్టు టీలో ముంచింది. ఎదురుగా తనతో పనిచేసే కైలీ చెబుతోంది. కైలీ బావ ఊరి ఫైర్ బ్రిగేడ్‌లో ఉంటాడు, కాబట్టి ఆ రోజుల్లో ఊళ్ళో వార్తలన్నీ కైలీవే.

"ఆ గ్లెనిస్ మా బావవాళ్ళకి ఏం చెప్పిందో తెలుసా? వంటింట్లో టీ పెట్టుకుంటూ తలెత్తి చూసిందట. సీలింగ్ పగుల్లోంచి చిన్న వెలుగు కనపడిందట. కనపడటం కాదు, పరుగెత్తిందట! కొంచెం ఆగి మళ్ళీ పరుగెత్తిందట!"

కైలీ రెండు వేళ్ళతో టేబుల్ మీద ఆ పరుగు చేసి చూపించింది. అందరూ పగలబడి నవ్వారు. "పొద్దున్నే ఏం తాగిందో" అన్నారొకరు. నీరజ కూడా నవ్వబోయింది. ముంచిన బిస్కెట్టు మెత్తబడి కప్పులో పడిపోయింది. ఆమె దాన్ని స్పూనుతో తీయకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

వెలుగు పరుగెత్తడం ఆమెకి నవ్వులాట కాదు. చీరాలలో నాయనమ్మ రోజూ దీపం పెట్టి అదే మాట అనేది: ఎలుక వత్తి లాక్కుపోతుందే, కొండెక్కేదాకా చూస్తుండు. నేతిలో నానిన వత్తి ఎలుకకి పాయసం లాంటిది. అవతలి కొస మండుతున్నా ఇవతలి కొస పళ్ళతో పట్టుకుని పోతుంది.

సోమవారం కార్తీక సోమవారం. ఆరింటికి తలస్నానం చేసి రెండు వత్తులతో దీపం పెట్టింది. ఏడింటి డ్యూటీ అని పరుగున వెళ్ళిపోయింది. శేషగిరి అంతకు ముందే వెళ్ళాడు. లిఖిత ఏడూ ఇరవైకి స్కూలు బస్సెక్కింది. ఎనిమిది కాకుండానే కప్పు అంటుకుంది. ఫైర్‌వాళ్ళు మధ్య గోడ దగ్గర అడ్డుకుని ఇటు సగాన్ని దక్కించారు. కరెంటు చూసి, పైన టార్పాలిన్ కప్పి మంగళవారం సాయంత్రం ఇంట్లోకి రానిచ్చారు. రాగానే ఆమె చేసిన మొదటి పని మసి పట్టిన దీపపు కుందిని చింతపండు పెట్టి తళతళా తోమడం. తోముతున్నప్పుడు కుందిలో కాలిన వత్తి ముక్క ఒక్కటే ఉంది. రెండోది ఫైర్‌వాళ్ళు కొట్టిన నీళ్ళలో కొట్టుకుపోయి ఉంటుందనుకుంది. ఒంటి వత్తి దీపం ఆమె పుట్టి బుద్ధెరిగి పెట్టలేదు.

మూడింటిదాకా ఆమె చేతులు పని చేశాయి, అంతే. ఒక ముసలాయనకి దుప్పటి తిరగేసి కప్పింది. "కుట్టు పైకి వచ్చింది, అమ్మాయ్" అని ఆయన చెబితే సారీ చెప్పి మళ్ళీ పరిచింది.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా దేవుడి అల్మరా తలుపు తీసింది. నిజానికది దుప్పట్లు పెట్టుకునే అల్మరా. పైభాగాన పాత హీటరు గొట్టం కప్పులోకి పోయిన బెజ్జం ఉంటే శేషగిరి అట్టముక్క అంటించాడు. స్టూలెక్కి ఫోను లైటు వేసి చూసింది. అట్ట ఒక మూల కొరికేసి ఉంది. పై అరలో గోడవారగా ఆవగింజలంత చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, బెజ్జం వైపు వరసగా. గోటితో గీకి వాసన చూసింది. తను కాచిన నెయ్యే.

స్టూలు దిగి అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. భయమేసింది. ఎవరికి ఏం జరుగుతుందన్న భయం తర్వాత, ముందు తన చేతుల్ని చూసుకుంటేనే భయమేసింది.

శేషగిరి ట్రక్కుల మెకానిక్. సాయంత్రం గ్రీజు చేతులతో వచ్చి, ఆమె చెప్పింది విని మొదట విసుక్కున్నాడు. "ఎలకేంది, ఇల్లు తగలబెట్టడమేంది? ఎవరన్నా వింటే నవ్విపోతారు." స్టూలెక్కి చూసి దిగాక మాత్రం ఆ మాట మళ్ళీ అనలేదు. ఆయనదీ చీరాల పక్కే.

"ఎవురితోనన్నా అన్నావా?"

"లేదండీ."

"అనబాక. వాసుదేవరావు అంకుల్‌ని అడుగుదాం."

మెల్‌బోర్న్ పక్క పాయింట్ కుక్‌లో ఉండే వాసుదేవరావు వీసా ఏజెంటు కాదు, లాయరూ కాదు. పదిహేనేళ్ళ కింద వచ్చి అన్ని రకాల వీసాలూ చూసినవాడు కాబట్టి తెలుగువాళ్ళందరికీ ఆయన మాటే చట్టం. స్పీకర్‌లో అంతా విని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా నీరజా, ఎలుక వత్తిని తీసుకెళ్ళడం నువ్వు కళ్ళారా చూశావా?"

"చూళ్ళేదు అంకుల్."

"మరి చూడనిది చెప్తే అబద్ధం చెప్పినట్టే గదమ్మా. పోలీస్ క్లియరెన్స్ తెచ్చుకోవాల్సిన టైమ్‌లో ఫైర్ కేసులో పేరెందుకు? ఇంటివాడి ఇన్సూరెన్స్ వాళ్ళు మీ మీద పడితే? ఎయిట్ మంత్స్. కళ్ళు మూసుకుంటే అయిపోతై. పీఆర్ రానీ, ఎన్ని దీపాలు పెట్టుకుంటావో పెట్టుకో."

ఫోను పెట్టేశాక శేషగిరి మొహం కాస్త తెరిపిన పడింది. భోజనాల బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటున్న లిఖిత తలెత్తింది.

"సో గ్లెనిస్ రియల్లీ సా ఇట్?"

పిల్ల ఒకసారి తల్లిని, ఒకసారి తండ్రిని చూసి మళ్ళీ పుస్తకంలోకి వంగింది.

ఇంకా ఎండ ఉండగానే శేషగిరి ట్రక్కులోంచి రేకు ముక్క తెచ్చాడు. పనిమంతుడు, అడ్డదిడ్డంగా చేయడం ఆయనకి రాదు. బెజ్జం కొలిచి, రేకుని గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, నాలుగు స్క్రూలు బిగించి, చుట్టూ సీలెంట్ పూసి వేలితో నునుపు చేశాడు. తడిబట్ట పెట్టి పై అర తుడిచాడు. నేతి చుక్కలు పోయాయి. అంతసేపూ స్టూలు కదలకుండా పట్టుకున్నది నీరజే.

"ఇంక ఎలకలు రావు" అన్నాడు దిగుతూ. ఆయన చెప్పదలుచుకున్నది అది కాదని ఇద్దరికీ తెలుసు.

గురువారం డ్యూటీ అయ్యాక నీరజ పులిహోర డబ్బాతో మోటెల్‌కి వెళ్ళింది. ఎందుకు వెళ్ళావంటే ఆమె చెప్పలేకపోయేది. చేసిన తప్పు చెప్పకుండా పులిహోరతో సరిపెడదామనే ఆశ మనిషికి ఉంటుంది, ఆమెకీ ఉంది.

హైవే పక్క మోటెల్‌లో గ్లెనిస్‌కి హౌసింగ్‌వాళ్ళు శనివారం దాకా గది ఇచ్చారు. అరవై దాటిన మనిషి, పొడగరి. ఎవరో ఇచ్చిన ఫుట్‌బాల్ టీషర్టు వేసుకుని మంచం చివర కూర్చుంది. నోరు మంచిది కాదని చెప్పానే, ఆ నోరు ఆ రోజు కనపడలేదు.

"కారంగా ఉండేదేనా, లవ్?"

"మీ కోసం మిరపకాయలు తగ్గించాను."

రెండు ముద్దలు ప్లాస్టిక్ చెంచాతో తిని, డబ్బా మూత జాగ్రత్తగా నొక్కి పెట్టింది. "రేపు తొమ్మిదిన్నరకి హౌసింగ్ ఆఫీసుకి రమ్మన్నారు. సిగరెట్ అని చెప్పేస్తాను."

"మీరు మానేశారు కదా?"

"పదకొండేళ్ళైంది. అయితే ఏం? సిగరెట్ నిర్లక్ష్యం కిందికి వస్తుందట, అనుమానం కిందికి రాదట. లిస్టులో అట్టడుగుకి పోతాను గానీ, పేరు మాత్రం ఉంటుంది. మళ్ళీ ఆరేళ్ళు. మెల్‌బోర్న్‌లో ఉన్న నా మనవరాలికి అప్పటికి పెళ్ళీడు వచ్చేస్తుంది." నవ్వబోయి మానేసింది.

"మరి మీరు చూసిన ఆ వెలుగు?"

గ్లెనిస్ కిటికీ కర్టెన్ అంచు పట్టుకుని కాసేపు మడతలు పెట్టింది. "అందరికీ చేరిందన్నమాట. లేదు లవ్, నేను చూళ్ళేదు. చూశాననుకున్నాను. మా అమ్మకి ఇట్లాగే మొదలైంది. గోడమీద పిల్లలు ఆడుకుంటున్నారనేది. అప్పటికి అమ్మ వయసు ఇప్పటి నాకంటే రెండేళ్ళు తక్కువ." కర్టెన్ వదిలేసింది. "ఇల్లు పోతే పోయింది. రాత్రుళ్ళు పడుకుని నా కూతురి పుట్టినరోజు, మా వీధిలో ఇళ్ళ నంబర్లు, అన్నీ వల్లె వేసుకుంటున్నాను. ఇంకా గుర్తున్నాయా అని."

నీరజ నిజం చెప్పబోయింది. "నేను వెళ్ళొస్తాను" అని మాత్రం పైకి వచ్చింది. బస్టాపులో నిలబడి తనని తాను తిట్టుకుంది, తెలుగులో, పైకే. బెంచీ మీద కూర్చున్న కుర్రది చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టుకుంది.

ఒక మనిషికి ఇల్లు పోగొట్టడం ఒక ఎత్తు. తన కళ్ళు తనవి కావేమోనని బెంగపెట్టుకునే స్థితికి ఆ మనిషిని తెచ్చి, పైగా ఆవిడ చేత పులిహోర తినిపించి రావడం ఇంకో ఎత్తు. మొదటిది ఎలుక చేసింది. రెండోది తనే చేసింది.

శుక్రవారం నీరజకి డ్యూటీ లేదు, శేషగిరిది ఆలస్యంగా మొదలయ్యే షిఫ్టు. పొద్దున ఆయన గుమ్మంలో బూట్ల లేసులు కట్టుకుంటుంటే చెప్పింది. "నేను చెప్పేస్తానండీ."

ఆయన లేసు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "ఎనిమిది నెల్లు ఆగలేవా?"

"నేను ఆగుతాను. ఆవిడ ఆగేట్టు లేదు. తనకి మతిపోతోందనుకుంటోంది."

"సాక్ష్యం గూడా లేదుగా ఇప్పుడు. నువ్వు చింతపండేసి తోమావు, నేను రేకు బిగించా."

"అదీ చెప్తాను."

ఆయనకి ఒళ్ళు మండింది. "చెప్పు, అన్నీ చెప్పు. పిల్ల చదువు మధ్యలో ఆపి చీరాల పొయ్యి కూర్చుందాం" అని విసురుగా లేచి ట్రక్కెక్కాడు. స్టార్ట్ చేసినవాడు కదల్లేదు. నీరజ బస్సు టైము చూసుకుంటూ గేటు దాటుతుంటే అవతలి తలుపు తెరుచుకుంది.

"ఎక్కు. తొమ్మిదిన్నరకి నువ్వు పొయ్యేసరికి బస్సు ఊరంతా తిప్పిద్ది."

ఆఫీసు ముందు ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, "నేను లోపలికి రాను. ఇక్కడే ఉంటా" అన్నాడు. ఆమెకి అదే చాలనిపించింది, ఏడుపు కూడా వచ్చింది.

హౌసింగ్ ఆఫీసులో కౌంటర్ పక్కన అద్దాల గది. లోపల గ్లెనిస్, ఎదురుగా ముప్పై ఏళ్ళ ఆఫీసరమ్మాయి, మధ్యలో ఒక కాగితం. గ్లెనిస్ చేతిలో అప్పటికే పెన్ను ఉంది. నీరజ తలుపు కొట్టింది, లోపలివాళ్ళు రమ్మనేదాకా ఆగలేదు.

"క్షమించాలి. నేను పక్క సగంలో ఉంటాను. ఆ మంట నా ఇంట్లోంచి వచ్చింది."

దార్లో ఇంగ్లీషులో వరసగా కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి. తోచినట్టు చెప్పింది. నెయ్యి అంటే ఏమిటో, వత్తి ఎలా చేస్తారో, ఎలుకకి అదంటే ఎందుకంత ఇష్టమో చెప్పింది. వేళ్ళతో దూది పేనినట్టు చూపించింది. రెండు పెడితే ఒక్కటే మిగిలిందని చెప్పింది. కుందిని తోమేశానని, అర తుడిచేశామని, బెజ్జానికి రేకు వేశామని, స్టూలు తనే పట్టుకున్నానని చెప్పింది. ఆఫీసరమ్మాయి మొహంలో ముందు చిరాకు, తర్వాత నమ్మకం లేని మర్యాద.

"ఎలుక, వెలుగుతున్న దీపపు వత్తిని తీసుకెళ్ళిందంటున్నారు."

"అవును. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి."

అడగడానికి ఆ అమ్మాయికి చీరాల అందుబాటులో లేదు. ఫైలు వెనక్కి తిప్పి, సోమవారం ఫైర్‌వాళ్ళు రాసుకున్న కాగితం తీసింది. కాసేపు చదివి తలెత్తింది.

"మీ దేవుడి అల్మరా ఇంట్లో ఎక్కడుంది?"

"మధ్య గోడకి ఆనుకుని. ఈవిడ బట్టలుతికే లాండ్రీ గదికి అవతలి పక్క."

ఆఫీసరమ్మాయి కాగితం మీద వేలు పెట్టి, సోమవారం గ్లెనిస్ చెప్పినట్టు రాసి ఉన్నది మెల్లగా చదివింది. "'వెలుగు లాండ్రీ వైపునుంచి వంటింటి వైపు వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.'" వేలు అక్కడే ఉంచింది. "మంట మొదలైంది వంటింటి పైన. అక్కడ ఎలుక గూడు ఉందని కూడా రాశారు."

తర్వాత ఆ అమ్మాయి తన పద్ధతిలో తను చెప్పుకుపోయింది: మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫైర్ వాళ్ళు మళ్ళీ వచ్చి చూస్తారు, ఇంటి యజమానికీ ఇన్సూరెన్స్‌కీ కాపీ వెళుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో నేను మాటివ్వలేను. ఇది రుజువైతే గ్లెనిస్ గారి పేరు ముందు వరసలోకి వస్తుంది. నీరజ అన్నిటికీ తలూపింది. భయం పోలేదు, కాకపోతే దానికి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు.

గ్లెనిస్ ముందు వరస మాట విన్నట్టే లేదు. నీరజ వైపు తిరిగింది.

"నేను చూశానా?"

"చూశారు."

"నిజంగా ఉందా అక్కడ?"

"ఉంది గ్లెనిస్. మీరు చూసింది నిజమే. నాకు బుధవారమే తెలుసు. నిన్న మీ గదికి వచ్చినప్పుడు కూడా తెలుసు."

అరవై ఏళ్ళు దాటిన ఆ పెద్ద మనిషి టేబుల్ మీద తల పెట్టుకుని భోరుమంది. నీరజ చెయ్యి చాచింది. గ్లెనిస్ ఆ చేతిని తోసేసింది, గట్టిగానే. తల ఎత్తినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం పాత గ్లెనిస్‌ది.

"మా అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నా కూతురి మొదటి చెప్పుల జత ఉంది. ఆరేళ్ళు పోతాను పోతాను అన్నాను, నిజమే. తాళం నా చేత్తో వేసి పోదామనుకున్నాను. నువ్వు దాన్ని కాల్చేసి, నిన్న నా పక్కన కూర్చుని మిరపకాయలు తగ్గించానంటావా?"

నీరజ తలుపు వైపు తిరిగింది. "నేను బయట ఉంటాను" అంది.

"ఎక్కడికి పోతావు? కూర్చో."

గ్లెనిస్ సిగరెట్ అని రాసి ఉన్న కాగితాన్ని ఆఫీసరమ్మాయి వైపు నెట్టేసింది. మొహం అరచేతులతో తుడుచుకుంది.

"కొత్త కాగితం తీసుకో. ముందు నా మాట రాయి. గ్లెనిస్ వెలుగు చూసింది అని రాయి."

"అది ఫైల్లో ఉందండీ."

"ఉంటే ఉండనీ. చూశానని చెప్పింది అని కాదు, చూసింది అని రాయి. మళ్ళీ రాయి." తర్వాత నీరజ వైపు చూడకుండానే అంది: "నీతో ఇవాళ నేను మాట్లాడలేను. రేపు కూడానేమో. కానీ ఆ అమ్మాయి రాయడం అయ్యేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు. ఏదైనా తప్పు రాస్తే చెప్పు."

నీరజ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆఫీసరమ్మాయి రాయడం మొదలుపెట్టింది, ఒక్కో వాక్యం పైకి చదువుతూ. నీరజ ప్రతి వాక్యానికీ తలూపింది.